కరెంటు పుట్టిన ఇల్లు: క్రాగ్‌సైడ్ కథ

 

ఈ వీడియో మీరు రాత్రిపూట చూస్తున్నారా? అయితే ఒక్క క్షణం తల పైకెత్తి మీ గదిలో లైటు చూడండి. స్విచ్ నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. మనకి అందులో వింతేమీ లేదు. కరెంటు పోయినప్పుడే దాని విలువ గుర్తొస్తుంది, అంతే కదా!

ఇప్పుడు 1880 కి వెళ్దాం. అప్పటికి న్యూయార్క్‌లో ఎడిసన్ పవర్ స్టేషన్ ఇంకా మొదలవలేదు, అది 1882 లో వచ్చింది. లండన్‌లో గొప్పోళ్ళ ఇళ్ళల్లో కూడా గ్యాస్ దీపాలు, కొవ్వొత్తులే. అలాంటి రోజుల్లో, ఇంగ్లాండ్ ఉత్తరాన, స్కాట్లాండ్ బోర్డర్‌కి దగ్గర్లో, ఒక రాతి గుట్టని ఆనుకుని ఉన్న ఇంట్లో ఎలక్ట్రిక్ బల్బులు వెలుగుతున్నాయి. వాటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? పక్కన పారే వాగు నుంచి!

ఆ ఇంటి పేరు క్రాగ్‌సైడ్. క్రాగ్ అంటే రాతి గుట్ట. గుట్ట పక్కన ఇల్లు, అదే పేరు. నీటితో తీసిన కరెంటుతో వెలిగిన ప్రపంచంలోని మొట్టమొదటి ఇల్లుగా దీన్ని చెబుతారు. ఈ రోజు ఎపిసోడ్‌లో ఈ ఇల్లు ఎలా కట్టారు, ఎవరు కట్టారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అనేది చూద్దాం. చివరి ప్రశ్న గుర్తుపెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉంది.

ముందు మనిషి గురించి. పేరు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. 1810 లో న్యూకాజిల్‌లో పుట్టాడు. నాన్న ధాన్యం వ్యాపారి. కొడుకు లాయర్ అవ్వాలన్నది ఆయన కోరిక. ఇది మన ఇళ్ళల్లో కథలాగే ఉంది కదా? కొడుక్కి ఇష్టం మెషీన్లు, ఇంట్లో వాళ్ళకి ఇష్టం నల్లకోటు. నాన్న మాట కాదనలేక ఆర్మ్‌స్ట్రాంగ్ లా చదివాడు, పదేళ్ళకు పైగా ప్రాక్టీస్ కూడా చేశాడు. కానీ మనసంతా నీళ్ళ మీదే.

నీళ్ళ మీద ఎందుకంటే, ఆయనకి చేపలు పట్టడం పిచ్చి. ఒకసారి గాలం వేసుకుని కూర్చుని, ఎదురుగా తిరుగుతున్న ఒక నీటి చక్రాన్ని చూశాడు. కొండ మీద నుంచి ఇన్ని నీళ్ళు దూకుతున్నాయి, చక్రం వాడుకుంటున్నది మాత్రం అందులో కొంచెమే. మిగతా బలమంతా వృథాగా పోతోంది. మనమైతే చూసి ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. నీళ్ళని పైపులో బిగించి, ఆ ప్రెజర్‌తో మెషీన్లు నడపొచ్చని లెక్కలు వేశాడు. 1840 ల్లో న్యూకాజిల్ రేవులో నీటి ప్రెజర్‌తో పనిచేసే క్రేన్ పెట్టి చూపించాడు. ఓడల్లోంచి సరుకు దించే పని సులువైపోయింది. 1847 లో లాయర్ వృత్తి వదిలేసి, టైన్ నది ఒడ్డున ఎల్స్‌విక్ అనే చోట ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్ళు. ముప్పై దాటాక కెరీర్ మార్చడం లేటు అనుకునేవాళ్ళు ఈ పాయింట్ నోట్ చేసుకోండి.

ఇక ఇంటి విషయానికి వద్దాం. చిన్నప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌కి దగ్గు ఎక్కువగా ఉండేది. గాలి మార్పు కోసం రోత్‌బరీ అనే పల్లెటూరికి తీసుకెళ్ళేవారు. అక్కడే కొండలు, వాగులు, చేపలు. పెద్దయ్యాక, ఫ్యాక్టరీ పనితో ఊపిరాడని రోజుల్లో, 1863 లో మళ్ళీ అదే ఊరికి వెళ్ళాడు. చిన్ననాటి జ్ఞాపకాలు లాగాయి. స్థలం కొన్నాడు. మొదట కట్టింది చిన్న ఇల్లే. సెలవులకి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళడానికి సరిపోయేంత.

1869 లో రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్ట్‌ని పిలిపించాడు. ఇక్కడ ఒక కథ చెబుతారు. అతిథులంతా వేటకి వెళ్ళిన ఒక రోజు, షా ఇంట్లోనే ఉండిపోయి, వాళ్ళు తిరిగొచ్చేలోగా మొత్తం కొత్త ఇంటి బొమ్మ గీసేశాడట! గీయడం ఒక్క రోజు. కట్టడం మాత్రం పదిహేనేళ్ళు. మన ఊళ్ళల్లో కూడా, ఇల్లు కట్టడం మొదలుపెట్టాక ఎప్పుడు పూర్తవుతుందో ఎవరూ చెప్పలేరు కదా, అక్కడా అదే పరిస్థితి.

ఇప్పుడు స్క్రీన్ మీద ఇంటి ఫోటో చూడండి. ఏమనిపిస్తోంది? ఒకే ఇల్లా, నాలుగైదు ఇళ్ళు కలిపి అతికించారా అనిపిస్తుంది. ఇంగ్లాండ్‌లో జమీందారీ బంగళాలు చాలావరకు ఒక పద్ధతిగా ఉంటాయి. మధ్యలో పెద్ద తలుపు, అటూ ఇటూ సమానంగా కిటికీలు, ముందు స్తంభాలు, చదును చేసిన పచ్చిక మైదానం. క్రాగ్‌సైడ్‌లో అవేమీ లేవు. ఎత్తైన పొగగొట్టాలు, కోసుగా ఉన్న పైకప్పులు, ఒక టవర్, తెల్ల గోడల మీద నల్ల చెక్క పట్టీలు. ఎడమవైపు ఒకలా, కుడివైపు ఇంకోలా. చుట్టూ రాళ్ళు, వాటి మధ్య దట్టంగా చెట్లు.

దీనికి కారణాలు రెండు. ఒకటి, అక్కడ చదునైన నేల లేదు. గుట్ట ఎక్కడ చోటిస్తే అక్కడికి ఇల్లు పాకింది. పాత ఇంటిని కూల్చకుండా, దాని మీదా పక్కనా కొత్త గదులు చేర్చుకుంటూ పోయారు. రెండు, షా కావాలనే అలా కట్టాడు. వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు పల్లె ఇళ్ళ పోలికలు తీసుకుని, తరతరాలుగా కొంచెం కొంచెంగా పెరిగిన ఇల్లులా కనిపించాలని చూశాడు. అంటే కొత్త ఇంటికి పాత ముఖం పెట్టాడన్నమాట. ఈ పద్ధతి తర్వాత బాగా పేరు తెచ్చుకుంది. షా కూడా పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యాడు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున పోలీసుల కోసం కట్టిన న్యూ స్కాట్లాండ్ యార్డ్ భవనం ఈయన డిజైనే.

ఇందులో తమాషా ఏంటంటే, బయటికి మూడొందల ఏళ్ళ పాత ఇల్లు, లోపల మాత్రం ఆ కాలానికి యాభై ఏళ్ళు ముందున్న ఇల్లు. రండి, లోపలికి వెళ్దాం.

ముందు వంటగది. పెద్ద మాంసం ముక్కని నిప్పు ముందు తిప్పుతూ కాల్చడానికి ఒక ఇనప చువ్వ ఉంది. పాతకాలంలో ఆ చువ్వని తిప్పడానికి ఒక కుర్రాడు ఆ సెగలో గంటల తరబడి కూర్చునేవాడు. ఇక్కడ దాన్ని నీటి ప్రెజర్ తిప్పుతుంది. పక్కనే లిఫ్ట్, అది కూడా నీటితోనే నడుస్తుంది. మనుషులు ఎక్కడానికే కాదు, పై అంతస్తుల్లో పొయ్యిలకి కావలసిన బొగ్గు మోయడానికి కూడా అదే. బొగ్గు బకెట్లు పట్టుకుని మెట్లెక్కి దిగే పనిమనుషులకి ఆ లిఫ్ట్ ఎంత ఊరటో ఆలోచించండి. గదికీ గదికీ మధ్య మాట్లాడుకోవడానికి టెలిఫోన్. లైబ్రరీ కింద టర్కిష్ బాత్: ఆవిరి గది, షవర్, చన్నీళ్ళ తొట్టి. ఇల్లంతా వెచ్చగా ఉంచే హీటింగ్ ఏర్పాటు కూడా ఉంది.

ఇన్ని నీళ్ళు ఎక్కడివి? ఆర్మ్‌స్ట్రాంగ్ వాగులకి కట్టలు కట్టించి చెరువులు తవ్వించాడు. మొత్తం ఐదు చెరువులు. ఇంట్లో మెషీన్లకి ప్రెజర్ రావాలంటే నీళ్ళు ఎత్తులో ఉండాలి. అందుకే కింద పంపు పెట్టి, ఇంటికంటే పైనున్న ట్యాంకులోకి ఎక్కించాడు. మన అపార్ట్‌మెంట్ మీద ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటుంది కదా, ఆలోచన అదే. కాకపోతే మన ట్యాంకు కుళాయికి నీళ్ళిస్తుంది, ఆయన ట్యాంకు మెషీన్లకి బలాన్నిచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, కరెంటు. 1878 లో తన పెయింటింగ్స్ గ్యాలరీలో ఒక ఆర్క్ ల్యాంప్ పెట్టాడు. ఆర్క్ ల్యాంప్ అంటే, రెండు కార్బన్ కడ్డీల మధ్య మెరుపులా మండే వెలుగు. విపరీతమైన కాంతి, వీధుల్లో బాగుంటుంది కానీ ఇంట్లో భరించడం కష్టం. సరిగ్గా ఆ సమయంలోనే న్యూకాజిల్ ప్రాంతంలోనే ఉంటున్న జోసెఫ్ స్వాన్ అనే ఆయన గాజు బుడ్డిలో వెలిగే బల్బు తయారుచేశాడు. బల్బు అనగానే మనకి ఎడిసన్ ఒక్కడే గుర్తొస్తాడు. కానీ అదే కాలంలో ఇంగ్లాండ్‌లో స్వాన్ కూడా ఆ పని చేసి చూపించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్, స్వాన్ ఇద్దరూ స్నేహితులు. 1880 చివర్లో స్వాన్ బల్బులు క్రాగ్‌సైడ్‌లో వెలిగాయి.

ఎలా పనిచేసిందో సింపుల్‌గా చెప్తాను. ఇంటికి దాదాపు కిలోమీటరున్నర దూరంలో చెరువు. కట్ట మీద నుంచి పైపులో నీళ్ళు కిందికి వస్తాయి. ఆ తోపుకి టర్బైన్ తిరుగుతుంది. టర్బైన్ డైనమోని తిప్పుతుంది. డైనమోలో పుట్టిన కరెంటు రాగి తీగల్లో ఇంటికి వస్తుంది. శ్రీశైలంలోనూ, నాగార్జునసాగర్‌లోనూ ఇప్పటికీ జరుగుతున్నది సూత్రంగా ఇదే. సైజు మాత్రమే తేడా. ఆర్మ్‌స్ట్రాంగ్ టర్బైన్ బలం ఆరు హార్స్ పవర్. పొలంలో మన రైతుల బోరు మోటారంత!

ఆ చిన్న కరెంటుతో ఇంట్లో 45 బల్బులు పెట్టుకున్నాడు. అన్నీ ఒకేసారి వెలిగించక్కర్లేదు కాబట్టి, ఒక గదిలో ఆపి ఇంకో గదిలో వేసుకుంటూ 37 తో సరిపెట్టుకున్నాడు. లైబ్రరీలో కొన్ని దీపాలకి మామూలు స్విచ్ కూడా లేదు. రాగి మీద ఎనామెల్ వేసిన అందమైన కూజాల మీద బల్బులు బిగించారు. కూజా అడుగు పాదరసం ఉన్న చిన్న గిన్నెలో ఆనుతుంది. కూజాని దాని చోట పెడితే సర్క్యూట్ కలిసి వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. ఈ రోజు సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఎవరైనా చూస్తే గుండె ఆగిపోతుంది, అది వేరే విషయం!

ఆ రోజుల్లో ఒక ఇంజనీరింగ్ పత్రికకి రాసిన ఉత్తరంలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక మాట గర్వంగా చెప్పుకున్నాడు. వాగే ఇంటికి వెలుగిస్తోందని, అందుకోసం ఏ వస్తువూ ఖర్చవడం లేదని దాని సారాంశం. ఈయన ఊరు న్యూకాజిల్ అంటే బొగ్గుకి రాజధాని లాంటిది. అలాంటి ఊళ్ళోనే నిలబడి, 1863 లోనే, శాస్త్రవేత్తల సభలో, బ్రిటన్ బొగ్గు ఇలాగే తవ్వుకుంటూ పోతే ఎప్పుడో అయిపోతుందని హెచ్చరించాడు. ఉష్ణమండల దేశాల్లో ఒక్క ఎకరం మీద పడే ఎండలోనే వేల గుర్రాల బలం ఉందని కూడా చెప్పాడు. ఉష్ణమండలం అంటే మనమే కదా. ఇప్పుడు కర్నూలు సోలార్ పార్కులో పరిచిన ప్యానెళ్ళు చూస్తే, ఆయన ఆ మాటన్నది నూట అరవై ఏళ్ళ కిందట అని నమ్మడం కష్టం.

1884 లో వేల్స్ యువరాజు కుటుంబంతో సహా ఈ ఇంటికి అతిథిగా వచ్చాడు. ఆ టైముకి కొత్త డ్రాయింగ్ రూమ్ సిద్ధం చేశారు. అందులో పాలరాతితో చేసిన ఫైర్‌ప్లేస్ ఉంది. బరువు పది టన్నులు! అంత బరువుని ఇల్లు మోయగలదా అనుకోకండి, ఆ గది వెనకున్నది కొండ రాయి. కింద భోజనాల గదిలో ఇంకో చిన్న ఫైర్‌ప్లేస్ ఉంది. దాని మీద, తూర్పుకెళ్ళినా పడమరకెళ్ళినా ఇంటిని మించింది లేదు అనే అర్థం వచ్చే సామెత చెక్కించాడు. కోటీశ్వరుడికి నచ్చిన చోటు మాత్రం ఆ చిన్న మూలే. అక్కడ కూర్చుని పేపర్ చదువుకుంటున్న ఆయన పెయింటింగ్ ఒకటి ఉంది. కాళ్ళ దగ్గర కుక్కలు, కాళ్ళకి చెప్పులు.

ఇక్కడిదాకా విని, ఎంత మంచి కథ అనుకుంటున్నారు కదా? ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన ప్రశ్నకి వద్దాం. ఈ డబ్బంతా ఎక్కడిది?

క్రేన్ల నుంచి కొంత వచ్చింది. కానీ పెద్ద డబ్బు ఫిరంగుల నుంచి వచ్చింది.

1854 లో క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం భారీ ఫిరంగుల్ని బురదలో లాగలేక నానా పాట్లు పడింది. ఆ వార్తలు చదివిన ఆర్మ్‌స్ట్రాంగ్, తేలికగా ఉండి, దూరం నుంచి గురి తప్పకుండా కొట్టే కొత్త ఫిరంగి డిజైన్ చేశాడు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు, గుండు వెనక నుంచి పెట్టే ఏర్పాటు. 1859 లో పేటెంట్లు డబ్బు అడక్కుండా ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. కొన్నేళ్ళకి ప్రభుత్వంతో ఒప్పందం ముగిసింది. అప్పుడు ఎల్స్‌విక్ ఫ్యాక్టరీ బయటి దేశాలకి అమ్మడం మొదలుపెట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలకీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు చేరాయి. తర్వాత యుద్ధ నౌకలు కూడా కట్టారు. చైనాకీ అమ్మారు, జపాన్‌కీ అమ్మారు. ఆయన పోయాక, 1905 లో సుషిమా సముద్ర యుద్ధంలో రష్యా నౌకల్ని ముంచిన జపాన్ దళంలో ఎల్స్‌విక్‌లో కట్టిన నౌకలు ఉన్నాయి.

అంటే ఆ వాగు పక్క చెట్లు, ఆ చెరువులు, ఆ పది టన్నుల పాలరాయి, వీటి వెనక చాలా దేశాల యుద్ధ భూములున్నాయి. దీని గురించి ఆయన్ని అడగలేదా అంటే, అడిగారు. ప్రకృతి శక్తుల్ని మనిషి చెప్పుచేతల్లోకి తేవడం ఇంజనీర్ పని, వాటిని ఎలా వాడారన్నదానికి బాధ్యత వాడినవాళ్ళది అన్నట్టుగా జవాబిచ్చాడు. ఈ జవాబు ఎక్కడో విన్నట్టుంది కదా? ఇవాళ ఫోన్లో యాప్‌లు తయారుచేసే పెద్ద కంపెనీలు కూడా దాదాపు ఇదే మాట చెబుతున్నాయి. మేం టూల్ ఇచ్చాం, వాడకం మీ ఇష్టం అని.

ఇంకో విషయం. 1871 లో న్యూకాజిల్ ఇంజనీరింగ్ కార్మికులు రోజుకి తొమ్మిది గంటల పని కావాలని సమ్మె చేశారు. ఎక్కువేం అడగలేదు, వారానికి 59 గంటలు కాకుండా 54 గంటలు చేయండి అన్నారు. యజమానుల తరఫున గట్టిగా నిలబడి కాదన్నది ఎవరో ఊహించగలరా? ఆర్మ్‌స్ట్రాంగే. వేరే దేశాల నుంచి పనివాళ్ళని కూడా రప్పించారు. సమ్మె దాదాపు ఐదు నెలలు సాగింది. చివరికి కార్మికులే గెలిచారు. చూడండి, సరిగ్గా ఆ రోజుల్లోనే క్రాగ్‌సైడ్‌లో షా గదుల మీద గదులు కడుతున్నాడు. వంటింట్లో చువ్వ తిప్పే కుర్రాడి కష్టం తీర్చిన మనిషికి, ఫ్యాక్టరీలో వేల మంది కోరిన ఆ ఒక్క గంట కనపడలేదు.

మరి ఆయన చెడ్డవాడా? అలా ఒక్క మాటలో తేల్చేస్తే కూడా తప్పే. న్యూకాజిల్ ప్రజలకి జెస్మండ్ డీన్ అనే అందమైన లోయని పార్కుగా ఇచ్చేశాడు. ఆయన అండతో మొదలైన సైన్స్ కాలేజీయే పెరిగి పెరిగి న్యూకాజిల్ యూనివర్సిటీ అయింది. అక్కడ చదువుతున్న మన తెలుగు పిల్లలు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, మీ క్యాంపస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ బిల్డింగ్ ఉంటుంది కదా, ఆ పేరు ఈయనదే. ముందు నుంచి రోజూ నడిచే ఉంటారు!

1900 డిసెంబర్‌లో, తొంభై ఏళ్ళ వయసులో, క్రాగ్‌సైడ్‌లోనే కన్నుమూశాడు. పిల్లలు లేరు. ఆస్తి మేనల్లుడి కొడుక్కి వెళ్ళింది. అప్పులపాలై 1910 లో మంచి మంచి పెయింటింగ్స్ అమ్మేసుకోవాల్సి వచ్చింది. చివరికి 1977 లో ఇల్లు నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. చారిత్రక కట్టడాల్ని కాపాడే సంస్థ అది. ఇప్పుడు టికెట్ కొనుక్కుని ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. 2014 లో అక్కడ ఒక చెరువు దగ్గర ఆర్కిమెడిస్ స్క్రూ అనే 17 మీటర్ల పొడవున్న మర లాంటి యంత్రం బిగించారు. నీళ్ళు దాని మీదుగా కిందికి జారుతూ దాన్ని తిప్పుతాయి, కరెంటు పుడుతుంది. అంటే నూట ముప్పై ఏళ్ళ తర్వాత ఆ ఇంటి దీపాలకి మళ్ళీ ఆ నీళ్ళే దిక్కయ్యాయి.

ఫ్రెండ్స్, ఈ ఇల్లు చూస్తే నాకు రెండు విషయాలు ఒకేసారి అనిపిస్తాయి. వృథాగా పోతున్న నీటిని చూసి ఆగి ఆలోచించిన ఆ కుతూహలం మనందరికీ కావాలి. దానితో పాటు, మనం చేసిన వస్తువు చివరికి ఎవరి చేతికి వెళ్తోంది, మన సౌకర్యం కోసం ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు అని అడిగే అలవాటు కూడా కావాలి. మొదటిది ఆర్మ్‌స్ట్రాంగ్‌కి బోలెడంత ఉంది. రెండోది ఆయన వేరేవాళ్ళకి వదిలేశాడు. మీలో చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నారు, రేపు ఏదో ఒకటి తయారుచేస్తారు. ఆ రెండో ప్రశ్నని మీరు మాత్రం వదిలేయకండి.

మీ అభిప్రాయం ఏంటి? తయారుచేసినవాడికి బాధ్యత ఉంటుందా, వాడినవాడికేనా? మీ ఫ్రెండ్స్‌తో ఒకసారి మాట్లాడి చూడండి, గొడవ గ్యారంటీ! ఇంకో ఇంటితో, ఇంకో కథతో మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా, గదిలోంచి బయటికెళ్ళేటప్పుడు లైటు ఆపడం మర్చిపోకండి. 37 బల్బులతో సర్దుకున్న ఆ పెద్దాయన గుర్తుంటాడు. ఉంటాను, నమస్తే.